మెండొసినో తీరమున మరుగుజ్జు అడవి



విత్తువాని ఉపమానమును ప్రసంగించని సేవకుడు మన సంఘములలో ఉండడు. కోత పండుగ వచ్చినా, ఉజ్జీవ కూటములు జరిగినా మత్తయి సువార్త 13వ అధ్యాయము తెరుస్తాము. నాలుగు రకముల నేలలను వర్ణించి, చివరకు వినేవారి వైపు వేలు చూపిస్తాము. కాని నేలను గురించి మనలో చాలామందికి తెలిసినది తక్కువ. వ్యవసాయము చేసే మన విశ్వాసులకు తెలిసినంత కూడా తెలియదు. 2022 మే నెలలో దేవుని కృపను బట్టి అమెరికా దేశములోని కాలిఫోర్నియా రాష్ట్రమునకు వెళ్ళివచ్చాను. అక్కడ గోల్డెన్ గేట్ వంతెనను చూశాను, ఎత్తైన మేడలను చూశాను. వాటిని గురించి వ్రాసినవారు చాలామంది ఉన్నారు. నేను వ్రాయబోయేది ఒక నిస్సారమైన ఇసుక నేలను గురించి.

శాన్ ఫ్రాన్సిస్కో సమీపమున నివసించే ఒక తెలుగు విశ్వాస కుటుంబమువారు నన్ను తమ ఇంట చేర్చుకొన్నారు. సహోదరునిది బాపట్ల దగ్గర సముద్రతీర గ్రామము. ఆయన తల్లిగారు ఆ ఇసుక పర్రలలో వేరుశనగ పండించిన మనిషి. మేమందరము కారులో ఉత్తరముగా బయలుదేరి దాదాపు 150 మైళ్ళు ప్రయాణము చేశాము. 101వ నెంబరు రహదారి విడిచి 128వ నెంబరు రోడ్డు ఎక్కిన తరువాత అన్నీ మలుపులే. బూన్‌విల్ అనే చిన్న ఊరి చుట్టూ ద్రాక్షతోటలు, ఆ తరువాత నవారో నది వెంట ఆకాశమంత ఎత్తు రెడ్‌వుడ్ చెట్లు. మలుపులకు పెద్దమ్మగారికి కడుపులో తిప్పితే, కోడలు సంచిలోనుండి నిమ్మకాయ తీసి ఆమె చేతిలో పెట్టింది. అలా నిమ్మకాయ వాసన చూసుకుంటూ పసిఫిక్ మహాసముద్రము ఒడ్డుకు చేరాము.

ఆ జిల్లా పేరు మెండొసినో. అక్కడి తీరము మన తీరము వంటిది కాదు. మనకు ఇసుక మెల్లగా వాలి సముద్రములో కలిసిపోతుంది. అక్కడ నేల బల్లపరుపుగా వచ్చి, ఒక్కసారిగా కొండచరియలా తెగి, క్రింద అలలు బండలకు కొట్టుకొంటూ ఉంటాయి. క్యాస్పర్, ఫోర్ట్ బ్రాగ్ అనే ఊళ్ళ మధ్య జగ్ హ్యాండిల్ అనే రక్షిత ప్రదేశము ఉన్నది. కూజా పిడి అని ఆ మాటకు అర్థము. పెద్దమ్మగారిని, కోడలిని సముద్రము ఎదుట బల్లమీద కూర్చుండబెట్టి, సహోదరుడు, నేను కాలిబాట పట్టాము. వెళ్ళడానికి రెండున్నర మైళ్ళు, రావడానికి రెండున్నర మైళ్ళు.

ఆ బాట మెట్ల వంటి నేలలమీదుగా పోతుంది. మెట్లంటే మనము కట్టుకొనే మెట్లు కావు, ఒక్కొక్కటి విశాలమైన మైదానము. సముద్రము తీరములోని బండను తన అలలతో చిత్రిక పట్టినట్లు చదును చేసింది. మంచుయుగములు వచ్చినప్పుడు నీరంతా మంచుగడ్డై సముద్రము వెనుకకు తగ్గింది. ఈలోగా భూమి కొంచెము కొంచెముగా పైకి లేచింది. సముద్రము తిరిగి వచ్చేసరికి పాత చదును ఎత్తుమీద నిలిచిపోయింది, క్రింద మరియొక మెట్టు చెక్కబడింది. ఇలా అయిదు మెట్లు ఉన్నాయి. ఒక్కొక్కటి సుమారు 100 అడుగుల ఎత్తు. క్రింది మెట్టుకంటె పై మెట్టు దాదాపు లక్ష సంవత్సరములు పెద్దదని శాస్త్రజ్ఞుల లెక్క. ఇంత పెద్ద లెక్కలు వినగానే కొందరు విశ్వాసులు కంగారుపడతారు. సృష్టికర్తకు సమయము కొదువ కాదని మాత్రము నేను అనుకొంటాను. మా బాట మొదటి మూడు మెట్లను దాటి ఆగుతుంది.

మొదటి మెట్టు అందరికంటె చిన్నది. నల్లని మన్ను, మోకాలెత్తు గడ్డి, రంగురంగుల పువ్వులు. ఉప్పుగాలికి చెట్లు పెద్దగా నిలువవు. రెండవ మెట్టుమీద పైన్, స్ప్రూస్, ఫర్ చెట్ల దట్టమైన అడవి. అక్కడనుండి మూడవ మెట్టుకు ఎక్కే వాలులో రెడ్‌వుడ్ చెట్లున్నాయి. భూమిమీద బ్రతికి ఉన్న చెట్లలో అన్నిటికంటె ఎత్తుగా పెరిగేది ఈ జాతియే. ఇక్కడివి పాతవి కావు. ఆ తీరమంతటా రెడ్‌వుడ్‌లను నరికి పట్టణములు కట్టారు. తరువాత పాత మొదళ్ళనుండి మళ్ళీ లేచిన పిలకలివి. పిలకలే అయినా తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది. అంతలో వాలు అయిపోయి నేల చదునైంది. పదులకొద్దీ గజములు నడిచామో లేదో, అడవి మా నడుము దగ్గరకు దిగిపోయింది.

ఇదే మరుగుజ్జు అడవి. సైప్రస్, పైన్ చెట్లు మూడు నాలుగు అడుగులకు మించవు. కొన్ని మోకాలెత్తే. అవి మొక్కలు కావు. బొటనవ్రేలంత మొద్దు ఉన్న చెట్టుకు నూరు ఏండ్ల వయస్సు ఉండవచ్చు. కొమ్మలనిండా బూడిదరంగు నాచు వంటిది గడ్డమువలె వ్రేలాడుతూ ఉంటుంది. ఆశ్చర్యమేమంటే, ఈ సైప్రస్ జాతియే దగ్గరలో లోతైన నేల దొరికినచోట 100 అడుగులకు మించి ఎదుగుతుంది. అదే జాతి, అదే గాలి, అదే వాన.

మధ్యాహ్నము పెద్దమ్మగారిని వెంటబెట్టుకొని కారులో దక్షిణముగా వాన్ డామ్ అనే ఉద్యానవనమునకు వెళ్ళాము. అక్కడ కూడా ఇటువంటి అడవి ఉన్నది. వృద్ధులు, నడవలేనివారు సహితము చూడగలుగునట్లు నేలకు కొంచెము ఎత్తుగా చెక్కలతో బాట వేశారు. ఆ ఏర్పాటును నేను మెచ్చుకొన్నాను. మన పుణ్యకార్యములలో వృద్ధుల మెట్లను గురించి ఆలోచించేవారు తక్కువ. బాట మొదట్లో పెద్దమ్మగారు వంగి నేలను వ్రేలితో తాకి చూశారు. తెల్లగా, పిండిలా ఉన్నది.

“ఇది ఇసుకలా లేదు నాయనా, పొయ్యిలో బూడిదలా ఉంది” అన్నారు కొడుకుతో. ఇంకొంచెము చూసి నావైపు తిరిగారు. “మా ఇసుకలో కడివెడు నీళ్ళు పోసినా చూస్తుండగానే ఇంకిపోతాయి అయ్యగారూ. ఇక్కడ నీళ్ళు నిలబడ్డ ఆనవాళ్ళున్నాయి. అడుగున ఏదో అడ్డం ఉంది.”

ప్రియులారా, ఆమె చదివినది అయిదవ తరగతి. అయినా ఆ నేల రహస్యము అంతా ఆ ఒక్క మాటలో ఉన్నది.

మెండొసినో తీరములో ఏటా సుమారు 40 అంగుళముల వాన పడుతుంది. మన కోస్తా వానకు ఇంచుమించు సమానమే. అయితే అదంతా చలికాలములో కురుస్తుంది. రాలిన పైన్ ఆకులలో పులుపు ఉంటుంది. వాననీరు ఆ పులుపును కలుపుకొని ఇసుకలోనికి దిగుతూ అందులోని సున్నమును, పొటాషును కడిగివేస్తుంది. ఇనుమును, అల్యూమినియమును కరగించి క్రిందికి మోసుకుపోతుంది. పైన మిగిలేది తెల్లని పలుగు ఇసుక మాత్రమే. ఇటువంటి నేలకు రష్యా రైతులు పెట్టిన పేరు పాడ్‌జోల్. అందులోనూ బూడిద అనే మాటయే ఉన్నది. పెద్దమ్మగారు రష్యా భాష ఎరుగరు గాని, అదే పోలిక చెప్పారు. క్రిందికి పోయిన ఇనుము ఊరకుండదు. సుమారు అడుగున్నర లోతులో పేరుకొని, ఇసుక రేణువులను సిమెంటువలె పట్టివేసి గట్టి పలకగా మారుతుంది. వేరు దానిని ఛేదించలేదు, నీరు దానిలో దిగలేదు. చలికాలములో ఆ అడవి బురదగుంట. వేసవిలో ఎండి రాయి. వాలుమీద నీరు జారిపోతుంది, పాత మన్ను కొట్టుకుపోయి క్రొత్త మన్ను బయటపడుతుంది, గనుక అక్కడ రెడ్‌వుడ్. చదునుమీద నీటికి పోవడానికి దారి లేదు, గనుక ఇక్కడ మరుగుజ్జు.

మన రైతులకు భూసార పరీక్ష కాగితముమీద పి.హెచ్. అనే అంకె తెలుసు. 7 ఉంటే తటస్థము. ఎనిమిదిన్నర దాటితే మనము చౌడు అని భయపడతాము. ఇక్కడ కథ తలక్రిందులు. ఈ నేల అంకె 3కు, 4కు మధ్య ఉంటుంది. 2.8 వరకు కూడా కొలిచారు. ఆ ఉదయము పెద్దమ్మగారి చేతిలో ఉన్న నిమ్మకాయ రసమునకు అది ఎంతో దూరము కాదు. అంత పులుపులో అల్యూమినియము కరిగి వేళ్ళకు విషమవుతుంది. బాపట్ల ఇసుకలో బలము తక్కువే అయినా, దొరువు త్రవ్వితే ఉప్పునీటిమీద తేలే మంచినీరు చేతికందుతుంది. అది కొన్ని వేల ఏండ్ల పడుచు ఇసుక. ఇది ముసలి ఇసుక.

దీనిని లోకమునకు వివరించినవారిలో ముఖ్యుడు హాన్స్ జెన్నీ. 1899లో స్విట్జర్లాండులో పుట్టి, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయములో ఆచార్యుడై, 1992లో మరణించాడు. నేల ఎలా ఏర్పడుతుందనే విషయముపై 1941లో ఆయన ప్రచురించిన గ్రంథము ప్రసిద్ధమైనది. వాతావరణము, జీవులు, నేల వాలు, మూలశిల, కాలము – ఈ అయిదు కలిసి నేలను చేస్తాయని ఆయన చెప్పాడు. మెండొసినో మెట్లమీద మిగిలినవి దాదాపు ఒకటే, కాలము ఒక్కటే మారుతున్నది. అందుచేత ఆయన ఆ తీరమును ఎంతో శ్రద్ధతో పరిశోధించాడు. 1970ల కాలములో జగ్ హ్యాండిల్ వద్ద మోటెల్ కట్టే ప్రయత్నము జరిగినప్పుడు, జాన్ ఓమ్‌స్టెడ్ అనే ప్రకృతి ప్రేమికుడు పూనుకొని ఆ స్థలమును కాపాడాడు. ఎందుకూ పండని నేల కోసము ఒక మనిషి అంత పాటుపడడము మన ఊళ్ళలో చెబితే నవ్వుతారేమో.

ఇక్కడ నా మనస్సులోని భారము చెప్పనివ్వండి. ప్రభువు చెప్పిన ఉపమానము వాక్యమును వినుటను గురించినది. దానికి నేను ఏమియు కలుపబోను, తీసివేయబోను. కాని మనము దానిని ఉపయోగించే తీరు నన్ను బాధిస్తుంది. సంవత్సరాంతపు నివేదికలు చదివే సమావేశములలో కూర్చున్నవారికి ఇది తెలుసు. బాప్తిస్మములు ఎన్ని, కానుకలు ఎంత, గుడి కట్టారా లేదా. ఒక సేవకుని నేను ఎరుగుదును. ఉప్పుకయ్య ఒడ్డున ఒక పల్లెలో ఇరువది ఏండ్లకు పైగా ఉన్నాడు. అక్కడ పన్నెండు కుటుంబములే. ఏటా ఆయన పేరు చదివినప్పుడు ఎవరో ఒకరు గొంతు సవరించుకొంటారు. పట్టణ సంఘపు అంకె చదివినప్పుడు చప్పట్లు. ఆ పల్లెలో వలసలు ఎన్ని, తుపానులు ఎన్ని, పాత పగలు ఎన్ని, నేల క్రింద ఎటువంటి పలక ఉన్నదని అడిగినవారిని నేను చూడలేదు. ఇండ్లలోనూ ఇంతే. పెద్దవాడు ఇంజనీరు అయ్యాడు, చిన్నవాడు ఇలా మిగిలిపోయాడని ఆ చిన్నవాని ఎదుటనే చెప్పే తల్లిదండ్రులు మన సంఘములలో తక్కువమంది కారు. ఎత్తు కొలిచే కర్ర అందరి చేతిలో ఉన్నది. త్రవ్వి చూసే పలుగు పట్టేవారు కరువు.

“సున్నము వేస్తే బాగుపడదా?” అని నేను సహోదరుని అడిగాను. పులుపు నేలకు సున్నము మందు గదా. ఆయన నవ్వి, పులుపు తగ్గుతుందేమో గాని అడుగున పలక అలాగే ఉంటుందన్నాడు. పైగా అలా చేస్తే ఇక్కడ ఉన్నవి చచ్చిపోవచ్చునన్నాడు. ఆలోచిస్తే నిజమే. అక్కడ బ్రతికేవన్నీ ఆ లేమికి అలవాటుపడినవి. రోడోడెండ్రాన్ పొదలు మేము వెళ్ళినప్పుడు గులాబిరంగు పూలతో ఉన్నాయి. హకుల్‌బెర్రీ అనే చిన్న పండ్ల పొద ఉన్నది. నీరు నిలిచే గుంటలలో పురుగులను పట్టి తినే సన్‌డ్యూ అనే మొక్క ఉన్నది. నేలలో లేని నత్రజనిని అది పురుగులనుండి తీసుకొంటుంది. చెట్ల వేళ్ళను సన్నని బూజు అల్లుకొని, తాను పోగుచేసిన పోషకములను వాటికి అందించి, బదులుగా చెట్టు తయారుచేసిన చక్కెరను పుచ్చుకొంటుంది. 1995లో ప్రచురింపబడిన ఒక పరిశోధన మరియొక సంగతి తెలిపింది. ఈ నేలలోని పైన్ ఆకులలో, కరక్కాయలో ఉండేటటువంటి వగరు పదార్థము అధికముగా ఉంటుంది. ఆ వగరు రాలిన ఆకులోని నత్రజనిని పట్టి ఉంచుతుంది, వానకు కొట్టుకుపోనివ్వదు. అలా చెట్టు రాల్చినది చెట్టు దగ్గరే మిగులుతుంది.

సాయంకాలము మంచుపొగ సముద్రముమీదనుండి లేచి వచ్చింది. పెద్దమ్మగారు చెక్కబాట అంచున నిలబడి, తన మోకాలికి రాని ఒక సైప్రస్ చెట్టును చాలాసేపు చూశారు. దాని కొమ్మలకు గోళీకాయలంత గుండ్రని కాయలున్నాయి. “ఇంత చెట్టుకు ఇన్ని కాయలా!” అన్నారు. ఆ కాయలు పండగానే పగలవు. కొమ్మను అంటిపెట్టుకొని ఏండ్లకొద్దీ మూసుకొనే ఉంటాయి. అడవికి నిప్పు అంటుకొని చెట్టు కాలినప్పుడు ఆ వేడికి విచ్చుకొంటాయి. అప్పుడు గింజలు ఆ తెల్లని నేలమీదనే రాలి, తరువాతి వానకు మొలుస్తాయి.