హిందూపురం నుంచి ధర్మవరం దాకా, వైఫై డబ్బాల వెంట

దసరా సెలవులకు ఊరికి బయల్దేరుతూ సంచిలో ల్యాప్‌టాప్‌తో పాటు ఒక లాన్ కేబులూ, రెండు గుండుసూదులూ వేసుకున్నాను. బెంగళూరులో నేను చేసేది కంపెనీల నెట్‌వర్కులకు కాపలా కాసే ఉద్యోగం. మా బంధువులంతా గుంతకల్లు రైలు మార్గంలోనే ఉన్నారు. హిందూపురంలో మేనమామ, పెనుకొండలో అక్క, ధర్మవరంలో చిన్నాన్న. అందరి ఇళ్లలోనూ వైఫై ఉంది. డబ్బా బిగించిన రోజు కేబుల్ కుర్రాడు ఏం పెట్టి వెళ్లాడో నేటికీ అదే నడుస్తోంది. ఈసారి పండగ కబుర్లతో సరిపెట్టకుండా ఆ డబ్బాలు తెరిచి చూసి రావాలనుకున్నాను.

గౌరీబిదనూరు దాటి కాసేపటికే హిందూపురం. చింతపండు, బెల్లం, ఎండుమిర్చి వ్యాపారంతో బతికే ఊరు. మామకు ఇంటి ముందరి భాగంలోనే చింతపండు కొట్టు. గోడౌన్‌లో నాలుగు సీసీ కెమెరాలు పెట్టించాడు. తిరుపతికి పోయినా ఫోన్లో కొట్టు చూసుకోవచ్చని ఆయన ధీమా. ఉగ్గాని, బజ్జీ తినేసి రౌటర్‌ను తిప్పి చూశాను. అడుగున స్టిక్కర్ మీద 192.168.1.1 అనే అంకెలు, వాటి కింద యూజర్ పేరు అడ్మిన్, పాస్‌వర్డ్ కూడా అడ్మిన్. బ్రౌజర్లో ఆ అంకెలు కొట్టి, ఆ రెండు మాటలూ నింపగానే పేజీ తెరుచుకుంది. కెమెరాల రికార్డరుకు కూడా ఫ్యాక్టరీలో పెట్టిన పాస్‌వర్డే.

"ఇంత సందులో ఉండే ఇంటికి యాడోళ్లు వస్తారప్పా? మన కొట్లో ఏముందని?" అన్నాడు మామ.

ఎవరూ మామను వెతుక్కుంటూ రారు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రామ్ ఇంటర్నెట్ అంతా తిరుగుతూ కెమెరాలనూ రౌటర్లనూ తట్టి చూసింది. దాని దగ్గరున్నవల్లా ఫ్యాక్టరీ పేర్లూ పాస్‌వర్డులూ, 60కి పైగా జతలు. వాటితో లక్షల పరికరాలు దాని చేతికి చిక్కాయి. ఆ ఏడాది అక్టోబర్ 21న అలా చిక్కిన పరికరాలు వెబ్‌సైట్లకు దారి చూపే డైన్ అనే సంస్థ మీద పడితే, అమెరికాలో చాలాచోట్ల ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ ప్రోగ్రామ్ రాసింది ముగ్గురు కుర్రాళ్లు. చింతపండు కొట్టులో కెమెరా అయినా, లండన్ బ్యాంకులో కెమెరా అయినా అలాంటి ప్రోగ్రామ్‌కు ఒకటే. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి ఇలాంటి అందరికీ తెలిసిన పాస్‌వర్డులతో పరికరాలు అమ్మడం చట్టరీత్యా కుదరదు. మన ఇళ్లలో ఉన్న పాత డబ్బాలకు మాత్రం మనమే దిక్కు.

ముందు అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చాను. బయటి నుంచి రౌటర్ పేజీ తెరిచే రిమోట్ మేనేజ్‌మెంట్ ఆన్‌లో ఉంది, ఆపేశాను. యూపీఎన్‌పీ అనేది ఇంకోటి. ఇంట్లోని పరికరం ఏదైనా మనల్ని అడక్కుండానే బయటికి దారి తెరుచుకునే సౌకర్యం అది. రికార్డరు దాంతోనే ఒక పోర్టు తెరిచి కూర్చుంది. అది మూసేసి, రికార్డరు పాస్‌వర్డ్ కూడా మార్చాను. మామకు ఫోన్లో గోడౌన్ ఎప్పటిలాగే కనిపిస్తోంది, ఎందుకంటే ఆయన వాడే యాప్‌కు ఆ పోర్టుతో పనే లేదు.

తర్వాత డబ్ల్యూపీఎస్. బటన్ నొక్కితే, లేదా 8 అంకెల పిన్ కొడితే, పాస్‌వర్డ్ లేకుండా వైఫై కలిసే ఏర్పాటు. 8 అంకెలంటే కోట్ల కొద్దీ పిన్నులు ఉంటాయనిపిస్తుంది. కానీ రౌటర్ మొదటి నాలుగింటిని ఒకసారి, తర్వాతి మూడింటిని ఒకసారి విడివిడిగా సరిచూస్తుంది. చివరి అంకె మిగతా వాటిని బట్టి వచ్చే లెక్క. అందుకే మొత్తం 11,000 ప్రయత్నాల్లో పిన్ దొరికిపోతుందని 2011 చివర్లో బయటపడింది. ఇన్నేళ్లయినా మామ డబ్బాలో అది ఆన్‌లోనే ఉంది, ఆపేశాను.

"మన ఫోన్లు తప్ప ఇంకేవీ కలవకుండా చేయిరా" అన్నాడు మామ. మ్యాక్ ఫిల్టర్ గురించి ఎవరో చెప్పారట. దాని మీద నాకు నమ్మకం లేదు. మ్యాక్ అంటే ప్రతి పరికరానికీ ఉండే గుర్తింపు నంబరు, దాన్ని ఎవరైనా నకలు చేయొచ్చు. పైగా ఇప్పటి ఫోన్లు వైఫైకి తమ అసలు నంబరు బదులు మారు నంబరు చూపిస్తాయి. పొడవాటి పాస్‌వర్డ్, డబ్ల్యూపీఏ2 లేదా 3 పెట్టుకుంటే అంతకంటే గట్టి కాపలా. అత్త తన చిన్నప్పటి వాక్యం ఒకటి చెప్పింది, ఖాళీలు తీసేసి అదే పెట్టాం.

మర్నాడు పెనుకొండ. స్టేషన్లో దిగితే ఎదురుగా కొండ, దాని మీద కోట. 1565లో తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు రాజధానిని ఇక్కడికే మార్చుకున్నారు. ఇక్కడి గగన్ మహల్ చూడాలని ప్రతిసారీ అనుకుంటాను, ఈసారీ తీరిక దొరకలేదు. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలయ్యాక హైవే పక్కన కొరియన్ అక్షరాల బోర్డులు వెలిశాయి, ఊళ్లో అద్దె గదులకు గిరాకీ పెరిగింది. అక్కా బావా మేడ మీద గదులు కట్టి షిఫ్టుల్లో పనిచేసే కుర్రాళ్లకు అద్దెకిచ్చారు. వైఫై కూడా అద్దెలోనే కలిపారు. పాస్‌వర్డ్ మెట్ల దగ్గర గోడకున్న క్యాలెండర్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉంది. గదులు ఖాళీ చేసి వెళ్లిన వాళ్ల ఫోన్లలో కూడా అది భద్రంగా ఉంటుంది. బావ ఆఫీసు ల్యాప్‌టాప్, ప్రింటర్, పిల్లల ట్యాబ్ అన్నీ అదే వైఫై మీద ఉన్నాయి.

ఇక్కడ డబ్బా తెరుచుకోలేదు. స్టిక్కర్ మీదున్న పాస్‌వర్డ్‌తో లోపలికి వెళితే వైఫై పేరు మార్చుకునే పేజీ తప్ప మరేమీ రాలేదు. కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేస్తే "అడ్మిన్ పాస్‌వర్డ్ కస్టమర్లకు ఇవ్వం సార్" అన్నారు. నాకు కోపం వచ్చింది. నెలనెలా డబ్బు కట్టే ఇంటివాళ్లకు తమ ఇంటి తలుపు మీద అధికారం లేదనడం న్యాయం కాదు. వాళ్లతో వాదిస్తూ కూర్చోకుండా బావను వెంటబెట్టుకుని బజారుకు వెళ్లి మంచి రౌటర్ ఒకటి కొన్నాం. వాళ్ల డబ్బాలో వైఫై ఆపించి, దాని వెనక మా రౌటర్ తగిలించాం.

కొత్త రౌటర్లో గెస్ట్ నెట్‌వర్క్ పెట్టాను. అద్దె గదులకు అదొక్కటే. అందులో కలిసిన ఫోన్లు ఇంటర్నెట్‌కు వెళ్తాయి కానీ బావ ల్యాప్‌టాప్‌ను, ప్రింటర్‌ను చూడలేవు. ఐసొలేషన్ అనే టిక్కు కూడా పెడితే ఒక గది ఫోన్ ఇంకో గది ఫోన్‌ను కూడా చూడలేదు. మేడ మీదికి వెళ్లి గెస్ట్ వైఫైలో కలిసి రౌటర్ పేజీ కొట్టాను, తెరుచుకోలేదు. ప్రింటర్ వెతికాను, దొరకలేదు. నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన కుర్రాడొకడు "అన్నా, దీంతో మాకు స్పీడ్ తగ్గుతుందా?" అని అడిగాడు. తగ్గదని వాడి ఫోన్లోనే చూపించాను. గది ఖాళీ అయినప్పుడల్లా గెస్ట్ పాస్‌వర్డ్ మార్చడం అక్క పని. ఎలా మార్చాలో నా ముందే రెండుసార్లు చేసి చూపించింది.

ధర్మవరం దారిలో పల్లెల్లో కరెంటు స్తంభాల మీద నల్లని ఫైబర్ తీగలు కనిపిస్తాయి. 2017 డిసెంబర్‌లో ఏపీ ఫైబర్‌నెట్‌ను రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించినప్పుడు మొదటి ప్యాకేజీ నెలకు 149 రూపాయలు. ఆ ధరకు నెట్టు పల్లె గడప దాకా వచ్చింది. అదెంతో మంచి పని. డబ్బాతో పాటు దాన్ని కాపాడుకునే తెలివిడి కూడా ఇంటికి చేరాల్సింది.

చిన్నాన్నది పట్టుచీరల మగ్గం. మగ్గం మీద జకార్డు, దానికి అట్టల దండ, గోడకు రౌటర్. చీర దిగగానే ఫొటో తీసి వాట్సాప్‌లో బెంగళూరు, హైదరాబాద్ గిరాకీలకు పంపుతాడు. పట్టు అమ్మినవాళ్లకు డబ్బు కూడా ఫోన్లోనే కడతాడు. "బ్యాంకు పేజీ తెరిస్తే ఒక్కోసారి ఎర్రగా ఏదో వస్తాది. కింద నొక్కితే పోతాది" అన్నాడు మామూలుగా. అది పేజీ నకిలీ కావచ్చని బ్రౌజర్ ఇచ్చే హెచ్చరిక. నాకు గుండె జారింది.

రౌటర్ పేజీలో డీఎన్‌ఎస్ గడి చూశాను. మనం వెబ్‌సైట్ పేరు కొడితే దాని అసలు నంబరు చెప్పేది డీఎన్‌ఎస్. అక్కడ అబద్ధం చెప్పేవాడు కూర్చుంటే, బ్యాంకు పేరు కొట్టినా దొంగ పేజీకి చేరతాం. ఆ గడిలో నెట్ ఇచ్చే కంపెనీది కాని, నాకు తెలిసిన ఏ సంస్థదీ కాని నంబరు ఉంది. ఇలాంటి మోసం కొత్తది కాదు. డీఎన్‌ఎస్ ఛేంజర్ అనే ప్రోగ్రామ్‌తో దాదాపు 40 లక్షల కంప్యూటర్లను ఇలాగే దారి మళ్లించిన ముఠా 2011లో ఎఫ్‌బీఐ దర్యాప్తులో పట్టుబడింది.

గుండుసూదితో వెనకున్న చిన్న రంధ్రంలో రీసెట్ నొక్కి పట్టుకున్నాను. లైట్లన్నీ ఆరి మళ్లీ వెలిగాయి. రౌటర్‌ను నడిపే ఫర్మ్‌వేర్ కొత్తది ఎక్కించి, పాస్‌వర్డులన్నీ మార్చి, డీఎన్‌ఎస్‌లో 1.1.1.3 పెట్టాను. క్లౌడ్‌ఫ్లేర్ 2020లో మొదలుపెట్టిన ఈ నంబరు హానికర సైట్లనూ అశ్లీల సైట్లనూ తెరవనివ్వదు. ఇంట్లో ఎవరైనా వేరే డీఎన్‌ఎస్ పెట్టుకున్నా పనిచేయకుండా, డీఎన్‌ఎస్ ప్రశ్నలు వెళ్లే 53వ పోర్టు మీదుగా 1.1.1.3కి తప్ప ఇంకెక్కడికీ పోనివ్వని నియమం ఫైర్‌వాల్‌లో రాశాను. బ్యాంకు పాస్‌వర్డ్ నా ఫోన్ డేటాతో మార్పించాను. ఖాతాలో డబ్బు పోలేదు.

పదో తరగతి చదివే చెల్లెలు అంతా చూస్తూ ఉంది. "మొబైల్ డేటా ఆన్ చేస్తే అన్నా?" అంది.

దానికి ఈ ఫిల్టర్ అడ్డురాదనీ, బ్రౌజర్లో గుప్త డీఎన్‌ఎస్ పెట్టుకున్నా దాటిపోవచ్చనీ ఉన్నమాటే చెప్పాను. చిన్నాన్న కాస్త నిరాశపడ్డాడు. నాకైతే ఆ పిల్ల అడగడమే బాగా నచ్చింది. ఆ ఇంటి రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఆమె చేతే పెట్టించి, ఆమె చేతే నోటుబుక్కులో రాయించాను. ఎర్ర హెచ్చరిక వస్తే కింద నొక్కకూడదని నాన్నకు చెప్పే బాధ్యత కూడా ఆమెదే.

ఇది చదివాక మీ ఇంటి డబ్బా ఒకసారి తిప్పి స్టిక్కర్ చూడండి. అక్కడున్న పాస్‌వర్డే ఇంకా నడుస్తుంటే ఈ రోజే మార్చండి, డీఎన్‌ఎస్ గడిలో ఏ నంబరుందో చూడండి. అడ్మిన్ పాస్‌వర్డ్ ఇవ్వకపోతే కేబుల్ వాళ్లను గట్టిగా అడగండి. ఈలోపే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.