గుండెనాళములోని లోహపు వల

స్టెంటు అను మాట ఒకప్పుడు మన తిరువూరులో వైద్యుల నోట తప్ప వినబడెడిది కాదు. నేడది మామిడితోటల బేరములాడువారి నోటను, బస్సు నిలయముకడ కాఫీ త్రాగువారి నోటను వినబడుచున్నది. అయినను పెక్కుమంది దానిని ‘స్ప్రింగు’ అనియే వ్యవహరించెదరు. ‘ఫలానివారికి గుండెలో స్ప్రింగు వేసిరట’ అని ఒకరనగానే వినువారు తలయూచి, ఆ రోగము అంతటితో తీరినదన్నట్లు వేఱొక ముచ్చటలోనికి పోవుదురు. అది యే లోహము, దాని రూపమేమి, లోపల అది చేయు పనియేమి అని అడుగువారు అరుదు. మన పాఠశాల తొమ్మిదవ తరగతి పిల్లలు మాత్రము అడిగిరి. వారి ప్రశ్నలు మూడు. అది తుప్పు పట్టదా? అయస్కాంతము దానిని లాగదా? ఊడి గుండెలోనికి జారిపోదా? ఇవి పెద్దలును అడుగదగిన ప్రశ్నలే గనుక, తరగతిలో చెప్పిన దానిని కొంత పెంచి ఇచ్చట వ్రాయుచున్నాము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. ఈ పేరునకును గుండెకును మొదట ఏ సంబంధమును లేదు. ఛార్లెస్ స్టెంట్ అనునాయన 19వ శతాబ్దపు ఆంగ్ల దంతవైద్యుడు. పండ్ల యచ్చు తీయుటకు ఆయన యొక మెత్తని పదార్థమును కూర్చెను. మొదటి ప్రపంచయుద్ధ కాలమున ఎస్సర్ అను డచ్చి శస్త్రవైద్యుడు గాయములపై అతికిన చర్మము కదలకుండ నిలుపుటకు ఆ పదార్థమునే వాడెను. క్రమముగా, శరీరములో దేనినైనను దాని చోట నిలిపియుంచు ఆధారమున కెల్ల ఆ పేరే స్థిరపడినది. పండ్లు కట్టువాని పేరు గుండెకు ఎక్కుట చిత్రమే గదా!

మా పెద్దన్నగారికి గడచిన సంవత్సరము వేసవిలో ఎదనొప్పి వచ్చి, విజయవాడలో ఒక వైద్యశాలయందు స్టెంటు వేసిరి. ఇంటికి పంపునప్పుడు వారు చేతికొక చిన్న అట్టముక్క నిచ్చిరి. దానిని వదినగారు విద్యుత్తు బిల్లుల నడుమ దాచిరి. మేము అడిగి తీసికొని చదివితిమి. ‘కోబాల్టు-క్రోమియము, వ్యాసము 3 మిల్లీమీటర్లు, పొడవు 24 మిల్లీమీటర్లు, సిరోలిమస్ పూత’ అని దానిపై నుండెను. అన్నగారు దానిని చదువుటకే యిష్టపడలేదు. “తమ్ముడా, ఇనుము ఒంటిలో పెట్టుకొని తిరుగుచున్నాననుటే నాకు భయము. దాని కొలతలు కూడ నాకెందుకు?” అనిరి. తెలిసిన దానినుండి తెలియని దానికి పొమ్మని శిక్షణ కళాశాలలో మాకు నేర్పిరి. మేము ఆ అట్టముక్కనే పట్టుకొని తరగతికి పోయితిమి.

గుండె దేహమునకెల్ల రక్తమును పంపునదే గాని, తన కండకు కావలసిన రక్తమును తనపై ప్రాకియున్న సన్నని నాళములద్వారా పొందును. ఆ నాళముల గోడలలో క్రొవ్వు పేరుకొని దారి ఇఱుకైనచో కండకు రక్తము చాలక నొప్పి పుట్టును. పూర్తిగా మూసికొన్నచో ఆ భాగము చచ్చును. 1977 సెప్టెంబరు 16వ తేదీన జూరిక్ నగరమున ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ అను వైద్యుడు సన్నని గొట్టపు కొనను చిన్న బుడగ నమర్చి, గుండెనాళములోనికి పోనిచ్చి, దానిని ఉబ్బించి దారిని వెడల్పు చేసెను. రోగి మేలుకొనియే యుండెను. ఎదను కోయవలసిన పని లేకపోయెను. అయితే బుడగను తీసివేసిన పిమ్మట కొన్ని నాళములు వెంటనే కూలిపోయెడివి. మఱికొన్ని కొలది నెలలలో మరల నిఱుకయ్యెడివి. త్రవ్విన బావికి ఒరలు దింపనిచో గట్టు జాఱినట్లే ఇదియును. నాళమునకును ఒక ఒర కావలసి వచ్చినది. 1986లో ఫ్రాన్సుదేశపు టూలూస్‌లో జాక్ ప్యుయెల్, స్విట్జర్లాండులో ఉల్రిక్ సిగ్వార్ట్ మనుష్యుల గుండెనాళములలో మొట్టమొదటి స్టెంట్లను దింపిరి.

ఆ ఒరకు రూపమెట్లు? అది సన్నని దారిలో దూరవలెను గనుక పోవునప్పుడు చిన్నదై యుండవలెను. చేరిన పిమ్మట పెద్దది కావలెను. అర్జెంటీనాలో పుట్టిన హూలియో పాల్మజ్ అను వైద్యునికి ఈ చిక్కునకు జవాబు తన ఇంటి కొట్టములో దొరకినది. గోడకు గచ్చు పట్టుటకై మేస్త్రీలు వాడు చీలికల ఇనుపరేకు ముక్క యొకటి అక్కడ పడియుండెను. పిల్లలు దీనిని తామే చేసి చూడవచ్చును. కాగితపు ముక్కపై వరుసలు వరుసలుగా చిన్న చీలికలు కోయవలెను. ఒక వరుసలోని చీలిక పైవరుసలోని రెండు చీలికల నడిమి చోటునకు ఎదురుగా నుండవలెను. ఇప్పుడు రెండు ప్రక్కల పట్టి లాగినచో కాగితము చేపల వలవలె విచ్చుకొనును. పాల్మజ్ సన్నని ఉక్కుగొట్టముపై ఇట్టి చీలికలే కోయించెను. దానిని బుడగపై బిగించి లోనికి పంపి, బుడగను ఉబ్బించినచో గొట్టము వలయై విచ్చుకొని గోడకు అదుముకొనును. బుడగ వెలుపలికి వచ్చును, వల నిలిచిపోవును. ఆ బుడగలోని ఒత్తిడి సాధారణముగా 10 వాతావరణములకు తక్కువ కాదు. మోటారుకారు చక్రములోని గాలి ఒత్తిడికి ఇది ఇంచుమించు అయిదు రెట్లు.

ఇక లోహము సంగతి. మాకు మిక్కిలి ముచ్చట గొలిపినది ఈ భాగమే. ఇల్లు కట్టువారు ఇనుపకమ్ములను ముడివేయు బైండింగు తీగెను వంచి విడిచిన, అది వంగినట్లే యుండును. సైకిలు సీటు క్రింది స్ప్రింగును నొక్కి విడిచిన, అది మరల మొదటి రూపునకు వచ్చును. బుడగతో విప్పు స్టెంటు ఈ రెంటిలో దేనివలె నుండవలెను? స్ప్రింగువలె నున్నచో బుడగ తీయగానే మరల ముడుచుకొని పోవును గదా! అది బైండింగు తీగెవలె ఒక్కసారి లొంగవలెను. లొంగిన పిమ్మట ఇక లొంగరాదు. కావున జనులు పెట్టిన ‘స్ప్రింగు’ అను పేరు సరిగా ముఖ్యమైన చోటనే తప్పినది. మెత్తదనము, గట్టిదనము రెండును ఒకే లోహమునుండి కోరుట పేరాసవలె తోచును. కాని కమ్మరి యెఱుగని సంగతి కాదిది. లోహమును ఎఱ్ఱగా కాచి మెత్తబఱచుట ఆయన నిత్యకృత్యము. స్టెంటు గొట్టమును కూడ అట్లే కాచి దాని బిరుసును తగ్గించెదరు. మెత్తబడిన లోహము సాగుకొలదియు తిరిగి గట్టిపడును.

నిజముగా స్ప్రింగు వంటివియును లేకపోలేదు. నికెలును టైటేనియమును ఇంచుమించు సమపాళ్లలో కలిసిన నిటినాల్ అను మిశ్రలోహము ముడుచుకొన్న గొడుగువలె తనంత తానే విచ్చుకొనును. దానిని మెడనాళములకును కాలినాళములకును వాడెదరు. అచ్చట వెలుపలినుండి ఒత్తిడి తగులును. బుడగతో విప్పినది అచ్చట నుండి ఒకసారి నలిగెనా, నలిగియే యుండును. నిటినాల్ అయినచో మరల లేచును.

పిల్లల మొదటి రెండు ప్రశ్నలకు జవాబిది. మొదటి తరము స్టెంట్లు 316ఎల్ అను తుప్పు పట్టని ఉక్కుతో చేసినవి. అందు ఇనుముతో కూడ క్రోమియము, నికెలు, మాలిబ్డినము కలిసి యుండును. క్రోమియము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి, కంటికి కానరాని పలుచని పొరయై లోహమును కప్పును. గీత పడినను ఆ పొర తనంత తానే మరల నేర్పడును. ఉప్పునీరు వంటి రక్తమున మామూలు ఇనుము నిలువలేదు, ఇది నిలుచును. దీని అణువుల అమరిక వేఱగుటచే అయస్కాంతము దీనిని మామూలు ఇనుమును లాగినట్లు లాగదు. అన్నగారి నాళములోని కోబాల్టు-క్రోమియము ఇంకను బలమైనది. అందుచే దాని పోగులను సన్నగా చేయవచ్చును. పాత ఉక్కు పోగుల మందము 100 మైక్రానులకు పైబడి యుండగా, వీనిది 60 మొదలు 80 మైక్రానులు, అనగా ఇంచుమించు తలవెండ్రుక యంత. పోగు సన్నమైన కొలది రక్తప్రవాహమునకు అడ్డు తక్కువ. ఇంతటి పనిని లేజరు వెలుగుతో కోసి, అంచులు నున్నబఱచెదరు. ‘వెండ్రుకంత సన్నమా!’ అని వెనుకబల్లపై బాలుడొకడు తన తలవెండ్రుక పీకి చూచుకొనెను.

ఇట్టి పని మన తెలుగుగడ్డపైనను జరిగినది. 1990ల దశాబ్దమున స్టెంట్లు విదేశములనుండి వచ్చెడివి. వాని వెల సామాన్యునికి అందెడిది కాదు. అప్పుడు క్షిపణుల పనిలో ఆరితేరిన అబ్దుల్ కలాంగారును, హైదరాబాదు గుండెవైద్యులు సోమరాజుగారును కలిసి తక్కువ వెల గల స్టెంటును రూపొందించిరి. దానికి ‘కలాం-రాజు స్టెంటు’ అని పేరు వచ్చినది. క్షిపణికిని గుండెకును ఏమి సంబంధమని అడుగవచ్చును. లోహము వేడికి, ఒత్తిడికి ఎట్లు నడచుకొనునో యెఱిగి, చిన్న వస్తువును తప్పు లేకుండ చేయుట రెంటికిని కావలెను. కలాంగారు తరచుగా చెప్పిన సంగతి మఱియొకటి కలదు. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థయందు పోలియో సోకిన పిల్లలు 3 కిలోగ్రాముల బరువుగల లోహపు ఊతలు కాళ్లకు తగిలించుకొని ఈడ్చుకొనుచు నడచుట ఆయన చూచెను. క్షిపణికై చేసిన తేలికపదార్థముతో 300 గ్రాముల ఊతలు చేయించి యిచ్చెను. ఆయన అనంతరము రాష్ట్రపతియైనను, మాకు ఆయన గొప్పతనము ఆ 300 గ్రాములలోనే ఎక్కువగా కనబడుచున్నది.

వెల విషయమున తరువాత ప్రభుత్వమును కలుగజేసికొన్నది. లక్షకు పైబడి యమ్మిన మందుపూత స్టెంటునకు 2017 ఫిబ్రవరిలో 29,600 రూపాయలు, పూత లేని దానికి 7,260 రూపాయలు గరిష్ఠపు వెలగా నిర్ణయించిరి. ఆ హద్దులు ఆ తరువాత పలుమార్లు మారినవి.

మూడవ ప్రశ్న మిగిలినది. స్టెంటు జారిపోదు. గోడకు అదుముకొని యుండగానే, కొన్ని వారములనుండి నెలలలోగా నాళపు లోపలిపొర దానిపై ప్రాకి కప్పివేయును. ఇదియే దాని భద్రత, ఇదియే దాని చిక్కు. పూత లేని స్టెంట్లలో అయిదింట ఒకదానికి మించి ఆ కండ హద్దు మీఱి పెరిగి దారి మరల నిఱుకయ్యెడిది. దానిని అడ్డుటకే సిరోలిమస్ పూత. 1964లో పసిఫిక్ సముద్రపు ఈస్టరు దీవినుండి తెచ్చిన మట్టిలోని సూక్ష్మజీవి ఈ మందునకు పుట్టినిల్లు. కెనడా దేశమున దానిని వెలికి తీసినవారిలో మన దేశమున చదివిన సురేన్ సెహగల్ ముఖ్యుడు. పెరుగు కణములను ఇది నిదానింపజేయును. నిదానించుటచే లోహముపై పొర కప్పుటయు ఆలస్యమగును. కప్పబడని లోహమును తాకిన రక్తము గడ్డకట్టును. అందుకే గడ్డకట్టకుండ రెండు మాత్రలు నెలల తరబడి వేసికొనుమని వైద్యులు చెప్పెదరు. ఎన్ని నెలలో రోగిని బట్టి వారే నిర్ణయింపవలెను.

కాలక్రమమున కరగిపోవు స్టెంట్లను కూడ చేసి చూచిరి. పేరుపొందిన దానిలో పోగులు 150 మైక్రానుల మందము. దానిలో రక్తపు గడ్డలు ఎక్కువై 2017లో అమ్మకము నిలిపివేసిరి.

అయిదవ నెలలో వదినగారు మాకు కబురు చేసిరి. మాత్రల అట్ట తరుగుట లేదట. పోయి అడుగగా అన్నగారు, “పండ్లు తోముకొన్నప్పుడు చిగుళ్లలో రక్తము వచ్చుచున్నది. స్ప్రింగు వేసిన తరువాత మందులేలని తోటవారందఱును అనుచున్నారు. ఎద నొప్పియు లేదు” అనిరి. మాత్రలు మానివేసి నాలుగు దినములైనది! మేము ఆ అట్టముక్కను ముందు పెట్టి, పూతను గూర్చియు, కప్పు పడని పోగులను గూర్చియు తరగతిలో చెప్పినట్లే చెప్పితిమి. ఆయన వినిరి. కొంతసేపటికి, “కప్పు పడినదో లేదో నాకెట్లు తెలియును?” అని అడిగిరి. “మీకు తెలియదు, మాకును తెలియదు” అంటిమి. ఆ సాయంత్రమే కారు మాట్లాడుకొని విజయవాడకు పోయితిమి. వైద్యుడు పరీక్షించి, మెత్తని కుంచెతో పండ్లు తోముకొమ్మనియు, రెండు మాత్రలును సంవత్సరము నిండువఱకు ఒక్క దినమును మానరాదనియు, ఆ పైని ఒకటి ఎల్లకాలమును వేసికొనవలెననియు చెప్పెను. వేఱొక వైద్యునికడ పన్ను తీయించుకొనవలసి వచ్చినను తనతో చెప్పక మానరాదనెను.

ఇప్పుడు అన్నగారి ఇంట క్యాలెండరు క్రింద దారమున కట్టిన పెన్సిలొకటి వ్రేలాడుచున్నది. మాత్ర వేసికొనగానే ఆయన ఆ దినపు గడిలో ఒక గీత గీయుదురు. గడచిన ఆదివారము మేము పోయినప్పుడు సంవత్సరము నిండుటకు ఇంకను 41 గడులు మిగిలి యుండెను.