ఛుట్టీ చీటీలో ఏం రాద్దాం?

మన ఇళ్ళల్లో గోడకు రెండు క్యాలెండర్లు వేలాడుతుంటాయి. ఒకటి కిరాణా కొట్టువాళ్ళు ఇచ్చింది. రెండోది మసీదు నుంచి తెచ్చుకున్న హిజ్రీ క్యాలెండర్. పిల్లల స్కూలు మొదటిదాని ప్రకారం నడుస్తుంది. మన ఈద్‌లు, మొహర్రం, ఉర్సులు రెండోదాని ప్రకారం వస్తాయి. చాంద్ లెక్కలో ఏడాదికి 354 రోజులే, ఒక్కోసారి 355. అందుకే మన పండగలు ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 ఏళ్ళకు గానీ మళ్ళీ పాత చోటికి రావు.

దసరాకూ సంక్రాంతికీ స్కూళ్ళకు వారం పైనే సెలవులు. ఈద్‌కు ఒక రోజు, మహా అయితే రెండు. రైలు టికెట్లేమో 60 రోజుల ముందే తెరుస్తారు. ఈద్ ఫలానా రోజని తేలేది ముందురోజు మగ్రిబ్ తర్వాత. ఇది శికాయత్ కాదు, మన జిందగీ ఇట్లా ఉంది. పిల్లల్ని నానీ ఇంటికి ఈద్‌కు తీసుకెళ్ళాలన్నా, ఉర్సుకు తీసుకెళ్ళాలన్నా ఎక్కడో ఒకచోట స్కూలు మానిపించక తప్పదు.

నేను చదివింది ఉర్దూ మీడియం బడిలో. మా నానీ వాళ్ళది నెల్లూరు. అక్కడ బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో రొట్టెల పండగ మొహర్రంలోనే. 1992లో మొహర్రం జూలైలో వచ్చింది. బళ్ళు తెరిచి నెలే అయింది. అమ్మీ బడికొచ్చి ఉస్తాద్‌తో నేరుగా చెప్పింది, నాలుగు రోజులు నెల్లూరు పోతున్నామని. ఆయన "జావో బేటా, వచ్చాక సఫర్ గురించి రెండు పేజీల మజ్‌మూన్ రాసి చూపించు" అన్నారు. నేను మొదటిసారి సొంతంగా రాసిన మజ్‌మూన్ అదే. ఉర్సులు జాయిజా కాదా అన్నది వేరే బహస్, దాన్ని మౌలానాలకు వదిలేద్దాం. నేను చెప్పేది ఒకటే. ఆ బడికీ మా ఇంటికీ క్యాలెండర్ ఒకటే కాబట్టి జూట్ చెప్పే అవసరం ఎవరికీ రాలేదు. ఇప్పటికీ రెండు రాష్ట్రాల్లో రంజాన్ నెలంతా ఉర్దూ మీడియం బళ్ళకు ఒంటిపూటే.

ఇప్పుడు మన పిల్లలు ఎక్కువమంది ఇంగ్లీష్ మీడియం ప్రైవేటు స్కూళ్ళలో ఉన్నారు. రెండు క్యాలెండర్లూ విడిపోయాయి. ఆ సందులోంచి టైఫాయిడ్ దూరింది.

ఈ ఏడాది మొదట్లో మా చెల్లెలి కుటుంబం ఉమ్రాకు వెళ్ళింది. పదిహేను రోజుల ప్యాకేజీ. సంక్రాంతి సెలవులు కలుపుకున్నా ఎనిమిది పనిదినాలు పోతాయి. చెల్లెలు ఫోన్ చేసింది. "భాయిజాన్, మీకు తెలిసిన డాక్టర్లు ఉంటారుగా. పిల్లకి టైఫాయిడ్ అని ఒక సర్టిఫికెట్ రాయించండి." పత్రికలో పని చేసేవాడికి ఇట్లాంటి ఫోన్లు కొత్త కాదు. అడిగింది ఎందుకోసం అన్నదే నాకు మింగుడు పడలేదు.

"నియ్యత్ కాబా వైపు, చీటీ టైఫాయిడ్ వైపు. ఎట్లా కుదురుతుంది?" అన్నాను.

"అందరూ చేస్తున్నదేగా" అంది.

"సరే. పిల్ల తిరిగొచ్చాక క్లాసులో ఏం చెప్తుంది?"

దానికి తన దగ్గర జవాబు లేదు. ఒక్కసారి ఊహించండి. ఆరో తరగతి పిల్ల. జీవితంలో మొదటిసారి విమానం ఎక్కింది. కాబా చూసింది, సఫా మర్వా మధ్య నడిచింది, మదీనాలో సలాం చెప్పింది. తిరిగొచ్చి పక్కన కూచునే దోస్తుతో "జ్వరం వచ్చిందే" అని చెప్పాలి. జమ్‌జమ్ సీసా బ్యాగులో దాచుకోవాలి. ఇంతలో వాళ్ళమ్మ వాట్సాప్ స్టేటస్‌లో ఎహ్రామ్ ఫోటోలు ఉండనే ఉంటాయి, క్లాస్ టీచర్ నంబరు కూడా ఆ ఫోన్లోనే ఉంటుంది. నవ్వొస్తుంది, ఏడుపూ వస్తుంది.

చీటీ నేనే రాసిచ్చాను. ఉమ్రాకు వెళ్తున్నాం, ఎనిమిది పనిదినాలు రాలేదు, పోయిన పాఠాలు ఇంట్లో పూర్తి చేయిస్తాం, ఇంతే. స్కూలువాళ్ళు మెచ్చుకోలేదు. ఎనిమిది రోజులూ ఆబ్సెంటే వేశారు. ఆ వారం జరిగిన యూనిట్ టెస్టు మళ్ళీ పెట్టం, సున్నానే అన్నారు. చెల్లెలు రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. కానీ పిల్ల వచ్చాక క్లాసంతా ఖజూర్ పంచింది, అడిగినవాళ్ళకల్లా కబుర్లు చెప్పింది. ప్రోగ్రెస్ కార్డులో సున్నా సున్నాగానే ఉంది. సచ్ మాటకు ఆ మాత్రం ఖర్చవుతుంది. పిల్లకి ఆ సంగతి కూడా తెలిసింది, మంచిదే.

ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ప్రకారం 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో నూటికి 25 మంది అసలు బడి మొహం చూడనివాళ్ళో, మధ్యలో మానేసినవాళ్ళో. ఆ తర్వాత ఎంతో మారినా, "మీవాళ్ళకి చదువు మీద శ్రద్ధ తక్కువ" అనే మాట స్టాఫ్ రూముల్లోంచి ఇంకా పోలేదు. అందుకని మన పిల్ల ఒక వారం మానితే అది ఆ ఒక్క పిల్ల లెక్కలోనే పడదు, ఖౌమ్ లెక్కలో కూడా పడుతుంది. ఇది ఇన్సాఫ్ కాదు, అయినా ఉంది. కారణం ఉన్నదున్నట్టు రాసి, నోట్సు పూర్తి చేయించి పంపితే ఆ మాటకు జవాబు దొరుకుతుంది. దొంగ సర్టిఫికెట్ దొరికిపోతే ఆ మాటకే మనం ముహర్ వేసినట్టు.

మరి ఏ సఫర్‌కు మానిపించొచ్చు? నా హిసాబ్ సాదాగా ఉంటుంది. ఆగనిది ఏది, ఆగేది ఏది? దాదీ మంచాన పడి మనవల్ని చూడాలంటోంది. చిన్న మామూ నికాహ్. నానీ ఇంట్లో ఈద్. ఇవి ఆగవు, తీసుకెళ్ళండి. రిష్తేదారీ కూడా తాలీమే. ఉమ్రాకు హజ్‌లా నిర్ణీత రోజులు లేవు. దసరా, సంక్రాంతి సెలవుల్లో సర్దుకోగలిగితే సర్దుకోవాలి, మిగిలిన రోజులు చెప్పి తీసుకోవాలి. ఇక సీజన్ కాదు కాబట్టి ఊటీలో గది సగం ధరకు దొరుకుతుందని మానిపించడం పైసల హిసాబ్. గునాహ్ అనను గానీ, దానికి 'పిల్లలకు లోకం చూపిస్తున్నాం' అని పెద్ద పేరు పెట్టొద్దు.

"ఫీజు మేమే కడుతున్నాంగా, మా మర్జీ" అనేవాళ్ళున్నారు. విద్యాహక్కు చట్టం 2009 ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 పనిదినాలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 ఉండాలంది. 200లో వారం ఎంత అనిపిస్తుంది. ఆ వారమే భిన్నాలు చెప్తే, తర్వాత దశాంశాలు, శాతాలు అన్నీ దాని మీదే నిలబడతాయి. అందుకే వెళ్ళేముందు టీచర్‌ని అడగండి, ఈ రోజుల్లో ఏం చెప్తారని. పదో తరగతి పిల్లల్ని మాత్రం ముట్టుకోవద్దు.

మన దగ్గర మానిపిస్తే జుర్మానా లేదు. ఇంగ్లండ్‌లో ఉన్న మనవాళ్ళకు ఉంది. 2024 ఆగస్టు నుంచి, అనుమతి లేకుండా ఐదు రోజులు మానిపిస్తే పిల్లకొకటి చొప్పున తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, 21 రోజుల్లో కట్టకపోతే 160. అంత సఖ్త్ కానూన్ కూడా ఈద్ రోజు మానితే తప్పు పట్టదు, మజ్‌హబీ పండగ కాబట్టి. మనం అడిగితే ఇక్కడి ప్రిన్సిపాళ్ళు కూడా వింటారేమో. టైఫాయిడ్ పంపిస్తూ ఉంటే మన పండగ ఎప్పుడో, ఎందుకు వెళ్తున్నామో వాళ్ళకు తెలిసేదెట్లా?

2030లో ఈద్ ఫిబ్రవరి మొదట్లో వస్తుంది, సరిగ్గా పరీక్షలకు తయారయ్యే రోజుల్లో. ఈ మస్లా మన పిల్లల్ని ఇప్పట్లో వదలదు. ఒక ఖుష్‌ఖబరీ మాత్రం ఉంది. హిజ్రీ క్యాలెండర్ పక్కన స్కూలు క్యాలెండర్ పెట్టి చూశాను. 2026, 2027, 2028 మూడేళ్ళూ బక్రీద్ ఎండాకాలం సెలవుల్లోనే. ఎవరికీ ఏ చీటీ రాయక్కర్లేదు. నానీలకు ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి, వస్తున్నామని.