జాగిలాల సీమలో

మే నెలలో కళాశాలకు సెలవులిచ్చారు. ఎడింబరోలో వుద్యోగం చేస్తున్న మా తమ్ముడు “ఒక్కసారి వచ్చిపో అన్నయ్యా” అని నాలుగేళ్ళుగా పోరుతున్నాడు. చివరకు టిక్కెట్లు తనే కొని పంపాడు. సరే, నేనూ మా ఆవిడా బయలుదేరాము. కోటలు, సరస్సులు చూడాలని ఆవిడ కోరిక. సర్ వాల్టర్ స్కాటు నవలలు పుట్టిన చోటు చూడాలని నా కోరిక. తీరా తిరిగి వచ్చాక “ఏం చూచారండీ?” అని యెవరైనా అడిగితే నా నోట మొదట వచ్చే మాట “కుక్కలు”.

నవ్వకండి. కారణం చెబుతాను.

ఎడింబరో నడిబొడ్డున ప్రిన్సెస్ వీధిలో స్కాటు స్మారకం వుంది. రెండు వందల అడుగుల యెత్తు, మసిబారిన రాయి. 1846లో ఆవిష్కరించారు. గాలిగోపురాలు చూచి పెరిగిన కళ్ళకు కూడా మెడ పైకెత్తబుద్ధి పుడుతుంది. దాని అడుగున పాలరాతి స్కాటు కూర్చొని వుంటాడు. పక్కన ఒక పెద్ద జాగిలం మోర యెత్తి ఆయన ముఖంలోకి చూస్తూ వుంటుంది. ఒక నవలాకారుడికి యింత గోపురమా అని నేను ఆశ్చర్యపోతుంటే, “మీ వాళ్ళు కవులకు శాలువా కప్పి పంపేస్తారు, వీళ్ళు కుక్కకు కూడా విగ్రహం పెట్టారు” అన్నది మా ఆవిడ. జవాబు తోచలేదు.

ఆ కుక్క పేరు మైదా. మన వంటింటి మైదా కాదు సుమండీ. ఇటలీ దక్షిణాన మైదా అనే చోట 1806లో బ్రిటిషువారు ఫ్రెంచివారిని ఓడించారు. ఉత్తరాన గ్లెన్‌గారీ అనే కొండసీమకు ప్రభువైన మక్డొనెల్‌గారి తమ్ముడు ఆ యుద్ధంలో పోరాడాడు. ఆ ప్రభువే స్కాటుకు యీ జాగిలాన్ని కానుకగా పంపాడు. తల్లి డీర్‌హౌండు, అంటే ఆ కొండల్లో యెర్రదుప్పులను తరిమే జాగిలం. తండ్రి పిరనీసు పర్వతాలనుంచి తెచ్చిన తోడేటికుక్క. ముక్కు కొననుంచి తోక కొనదాకా ఆరడుగులని స్కాటే ఒక ఉత్తరంలో వ్రాసుకొన్నాడు. అంటే స్కాట్లండు అంతటికీ పేరుమోసిన యీ డీర్‌హౌండు అసలు సిసలు డీర్‌హౌండు కానే కాదు. వ్యాకరణంలో సంస్కృతపదాన్నీ తెలుగుపదాన్నీ కూడని చోట కలిపితే వైరిసమాసం అంటాము. మా పిల్లలు పరీక్షల్లో ధారాళంగా చేసే పని అది. పాలరాతిలో చెక్కిన వైరిసమాసాన్ని చూడటం మాత్రం నాకు అదే మొదలు.

మరునాడు రైలెక్కి ఆబట్స్‌ఫర్డు వెళ్ళాము. అది స్కాటు కట్టుకొన్న యిల్లు. 1969లో మూసివేసిన ఆ రైలుదారిని 2015లో మళ్ళీ తెరిచారట. గంటకు కొంచెం తక్కువ ప్రయాణం. ట్వీడ్ నది ఒడ్డున, చెట్ల మధ్య, చిన్న కోటలాంటి యిల్లు. గుమ్మం పక్కనే మైదా రాతివిగ్రహం. కుక్క బ్రతికి వుండగానే చెక్కించారు. గుర్రమెక్కేటప్పుడు స్కాటు దాని మీద కాలు మోపేవాడట. 1824లో కుక్క చనిపోతే ఆ రాతి కిందనే పూడ్చిపెట్టారు. బ్రతికి వుండగా దానిని యెంతమంది చిత్రకారులు కూర్చోబెట్టి బొమ్మ వేశారంటే, చివరికి కుంచె కనబడితే చాలు, లేచి వెళ్ళిపోయేదట.

విగ్రహం మీద లాటిను పద్యం వుంది. దాని వెనుక ఒక ముచ్చట వుంది, చెప్పకుండా వుండలేను. పద్యం పత్రికలకెక్కింది. ఛందస్సులో తప్పు దొర్లిందని పండితులు పట్టుకొన్నారు. వ్రాసినది అల్లుడు లాక్‌హార్టు. నింద నెత్తిన వేసుకొన్నది మామగారు. గణభంగం కోసం యిలా పోట్లాడుకొనే వాళ్ళు మన దగ్గరే వున్నారనుకొన్నాను యిన్నాళ్ళూ.

స్కాటు యింట్లో మైదా చేసిన పని పెద్దగా లేదు. పొయ్యిముందు పడుకోవటం, షికారు వెళ్ళటం. కానీ గ్లెన్‌గారీ ప్రభువు ఆ సంకరాన్ని చేయించినది పొయ్యిముందు పడుకోబెట్టడానికి కాదు. మరి దేనికి? రాత్రి భోజనాల దగ్గర యీ ప్రశ్న వేస్తే మా తమ్ముడు, “మా ఆఫీసులో ఒక అమ్మాయి వుంది అన్నయ్యా. వాళ్ళ నాన్న ఆ కొండల్లోనే దుప్పుల వేట చూచుకొనే వుద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆయన దగ్గర యిలాంటి కుక్కే వుంది” అన్నాడు.

శనివారం తెల్లవారుతూనే కారులో బయలుదేరాము. ఉత్తరానికి నాలుగు గంటల ప్రయాణం. పోనుపోను చెట్లు పలచబడ్డాయి. కొండలమీద గోధుమరంగు గడ్డి, హెదర్ పొదలు, నల్లని నీటి సరస్సులు. ఇళ్ళు లేవు. ఇంత పచ్చని చోట మనిషి అలికిడి లేకపోవటం మొదట అందంగా వుండి, తరువాత దిగులు పుట్టించింది. దిగులు పుట్టవలసిన చోటే అది. 1746లో కల్లోడెన్ యుద్ధంలో కొండజాతులు ఓడిపోయాయి. గ్లెన్‌గారీవారి కోటను తగలబెట్టారు. ఆ మొండిగోడలు ఓయిక్ సరస్సు ఒడ్డున నేటికీ వున్నాయి. తరువాత గొర్రెలమీద లాభం యెక్కువని ప్రభువులే కౌలురైతులను వెళ్ళగొట్టారు. మైదాను కానుకిచ్చిన మక్డొనెల్ కూడా అందుకు మినహాయింపు కాదు. ఒక చేత్తో పాతకాలపు దుస్తులు, పాతకాలపు జాగిలాలు కాపాడాడు. రెండవ చేత్తో ఆ కాలపు మనుషులను సాగనంపాడు. కెనడాలో గ్లెన్‌గారీ పేరుతో ఒక కౌంటీయే వున్నది. ఆయన 1828లో చనిపోయేనాటికి మిగిలినవి అప్పులు. కొడుకు భూములు అమ్ముకొన్నాడు.

పెద్దాయన యిల్లు కొండవాలులో వుంది. డెబ్బై దాటిన మనిషి. చేతులు మా ఊళ్ళో అరక దున్నేవారి చేతుల్లాగే వున్నాయి. ఆయన మాట నాకు సగమే అర్థమయ్యేది. మిగతా సగం మా తమ్ముడు తెలుగులో చెప్పేవాడు. కుక్క పేరు మోరగ్. ఆడది, బూడిదరంగు, గరుకు వెంట్రుకలు, సన్నని నడుము. వచ్చి నా అరచేతిలో ముక్కు పెట్టి, నేను పనికివచ్చే మనిషిని కానని తేల్చుకొని, వెళ్ళి గడపలో పడుకొన్నది.

నా ప్రశ్న వినగానే పెద్దాయన నవ్వాడు. “గ్లెన్‌గారీకి పెద్ద కుక్క కావలసి వచ్చింది. పెద్దది వచ్చింది. కొండ యెక్కేటప్పుడు పెద్దది కాదు కావలసినది” అన్నాడు.

ఆయన చెప్పినది నాకు అర్థమైనంతలో చెబుతాను. పూర్వం వాళ్ళ యెర్రదుప్పిని (మన అడవుల్లోని కణితికి దాయాది) రెండు మూడు జాగిలాలు తరిమి, నీటి ఒడ్డుకో బండకో చేర్చి నిలబెట్టేవి. తరువాత దూరం కొట్టే తుపాకులు వచ్చాయి. దుప్పిని తరమవలసిన పని పోయింది. దెబ్బతగిలి పారిపోయినదానిని వెదికి పట్టే పని మిగిలింది. దానికి అంత పెద్ద కుక్క అక్కరలేదు. 1830లలో కొలాన్సే ద్వీపంలో మక్నీల్ సోదరులు పాత జాతిని వెదికి నిలబెట్టకపోతే యీపాటికి డీర్‌హౌండు బొమ్మల్లోనే వుండేదేమో. 1886లో దానికొక క్లబ్బు కూడా పెట్టారు. అప్పటినుంచి అది ప్రదర్శనలలో బహుమానాలు తెచ్చుకొంటున్నది. మగది భుజం దగ్గర ముప్ఫై అంగుళాలు వుండాలి, బరువు నలభై అయిదు కిలోలు వుండాలి.

పని చేయించే వాళ్ళది వేరే లెక్క. గ్రేహౌండుకు మెరుపువేగం, కానీ చర్మం పలుచన, రాయి గీరితే చీరుకొనిపోతుంది, చలికి వణుకుతుంది, నాలుగు నిమిషాల్లో ఆయాసపడుతుంది. డీర్‌హౌండుకు గరుకు బొచ్చు, పొడుగు ఊపిరి. కానీ గుండెజబ్బు, ఎముకల పుండు తొందరగా వస్తాయి. రెండింటినీ కలిపితే వాటి మంచి చాలావరకు పిల్లల్లో కనబడుతుంది. అందులో గొర్రెలుకాసే కాలీ రక్తం పాలుచుక్కంత పోస్తే పిలిచినప్పుడు వెనక్కు తిరిగి చూచే గుణం వస్తుంది. “అది లేకపోతే కుక్క పక్క కొండమీద వుంటుంది, నువ్వు యీ కొండమీద వుంటావు” అన్నాడు పెద్దాయన. ఇవే వలసపోయిన వాళ్ళతో ఆస్ట్రేలియా వెళ్ళి కంగారూ కుక్కలయ్యాయి; అమెరికా మైదానాల్లో తోడేళ్ళను తరిమాయి.

నాకు కొత్తగా తోచినది తరువాత చెప్పిన మాట. మొదటి సంకరం బంగారం. పిల్లలన్నీ ఒకే పోతగా దిగుతాయి. ఆ సంకరాన్ని మళ్ళీ సంకరంతోనే కట్టిస్తే ఒకే ఈతలో ఒకటి తాతలాగా, ఒకటి అవ్వలాగా, ఒకటి యెవరికీ పోలకుండా పుడతాయి. అందుకని రెండు మూడు తరాలకొకసారి మంచి డీర్‌హౌండును వెదుక్కొని వెళ్ళవలసిందే. “ప్రదర్శనల వాళ్ళను చూచి మేము నవ్వుతాము. కానీ వాళ్ళు దువ్వెన పట్టుకొని ఆ జాతిని నిలబెట్టకపోతే నా మోరగ్ యెక్కడిది?” అన్నాడు.

టీ వచ్చింది. రాత్రి యెనిమిదైనా యెండ కాస్తూనే వుంది. బయట నుసిలాంటి మిడ్జ్ దోమలు ముసిరితే మా ఆవిడ కొంగు ముసుగు తీసింది. మోరగ్‌కు ఆరేళ్ళు. ఇంతవరకు పిల్లలు లేవు. యింకొక్క యేడాది దాటితే ఆశ వదులుకోవలసినదే. యాభై యేళ్ళుగా ఆయన పెంచుతూ వచ్చిన వరసలో యిది చివరిది.

“మరి ఎందుకు ఆలస్యం?” అన్నాను.

ఆయన వెంటనే చెప్పలేదు. కిందటి చలికాలంలో ఒక కారు వచ్చి ఆగిందట. దిగిన యిద్దరూ మర్యాదగానే మాట్లాడారట. పుట్టబోయే పిల్లలన్నీ తమకే కావాలని, అడిగినంత యిస్తామని అన్నారు. ఎందుకో ఆయనకు తెలుసు. స్కాట్లండులో అడవిమృగాల మీదికి కుక్కలను వదలి వేటాడటం 2002 చట్టంతో నేరమైంది. 2023లో ఆ కట్టడి యింకా బిగించారు. గాయపడ్డ దుప్పిని వెదకటంలాంటి కొన్ని పనులకే సడలింపు. అయినా రాత్రిపూట దొంగతనంగా పొలాల్లో దిగి, కుందేళ్ళమీదికి యిలాంటి కుక్కలను వదలి, పందేలు కాచే ముఠాలున్నాయి. ఓడిన కుక్కను రోడ్డుపక్కన వదలి పోతారు. అటువంటివి శరణాలయాల్లో యెన్నో పడి వున్నాయట.

“పిల్లలు పుడితే అన్నీ నా దగ్గర వుంచుకోలేను. కొనే వాడి ముఖం చూచి యేం తెలుస్తుంది? పుట్టించకపోతే వరస ఆగిపోతుంది. పుట్టిస్తే యెవడి కారెక్కుతాయో తెలియదు.”

అప్పుడు నాకు మా నాన్నగారు గుర్తుకు వచ్చారు. మాది ఒంగోలు దగ్గర పల్లె. మా ఇంట్లో యెప్పుడూ ఒక జత ఒంగోలు గిత్తలుండేవి. ఆ జాతి బ్రెజిలుకు వెళ్ళి నెల్లూరి పేరుతో ఆ దేశాన్ని నింపేసింది. మా ఊళ్ళో మాత్రం ట్రాక్టరు వచ్చి వాటికి పని లేకుండా చేసింది. 1996లో నేను ఇంటర్మీడియెట్‌లో వుండగా మా చివరి జతను అమ్మవలసి వచ్చింది. మొదట వచ్చిన బేరగాడు మంచి ధర చెప్పాడు. నాన్నగారు సరేనని, “అరక కట్టి ఒక్క సాలు తోలు” అన్నారు. అతడు మలుపు దగ్గర ముల్లుకర్ర రెండుసార్లు పొడిచాడు. నాన్నగారు కాడి విప్పేసి, “బేరం లేదు, పోయిరా” అన్నారు. రెండు వేలు తక్కువకు మరొకరికి యిచ్చారు. ఆ రెండు వేలూ నా చదువుకు కావలసినవి. అమ్మ ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు.

ఇది చెప్పాను. మా తమ్ముడు ఆ మాటలను ఇంగ్లీషులో పెడుతూ మధ్యలో ఆగిపోయాడు. అప్పటికి వాడు చిన్నవాడు, వాడికి యీ సంగతి తెలియదు. పెద్దాయన అంతా విని, “సాలు అంటే యెంత పొడుగు?” అని అడిగాడు. మా చేను యీ చివరనుంచి ఆ చివరికి అన్నాను. తల వూపి, లేచి వెళ్ళి మోరగ్‌కు అన్నం పెట్టాడు. మేము సెలవు తీసుకొన్నాము.

దసరా సెలవుల్లో మా తమ్ముడు ఫోను చేశాడు. మోరగ్ ఈనిందట. ఆరు పిల్లలు, అన్నీ బూడిదరంగువే. తండ్రి యేదో దూరపు ఊరి డీర్‌హౌండట. ప్రదర్శనలలో బహుమానం పొందినది. ఒక ఆడపిల్లను పెద్దాయన తన దగ్గరే అట్టిపెట్టుకొన్నాడు. మిగతావాటికోసం వచ్చిన వాళ్ళకు మొదట ధర చెప్పడట. మోరగ్ గొలుసు చేతికిచ్చి, ఇంటి వెనుక కొండ యెక్కి దిగి రమ్మంటాడట, తానూ వెనకాలే నడుస్తూ. ఇప్పటికి తొమ్మిదిమంది యెక్కి దిగారు. ముగ్గురికి పిల్లలు దొరికాయి.

“ఇంకా రెండు మిగిలి వున్నాయి అన్నయ్యా. నన్నూ ఒకసారి కొండ యెక్కి చూడమన్నాడు” అన్నాడు మా తమ్ముడు. వాడుండేది మూడో అంతస్తులో.

“నువ్వు యెక్కవద్దు” అన్నాను.