ముల్లు ఎప్పుడు లేస్తుంది?

"ఎప్పుడు వేడెక్కుతోందండీ? ఆగి ఉన్నప్పుడా, పరుగులోనా?"

విజయవాడ ఆటోనగర్‌లో మా పాత కారును ఏళ్ల తరబడి చూస్తున్న మేస్త్రి, బానెట్ ఎత్తకముందే అడిగిన మాట ఇది. ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కిందని, ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఏ ఇబ్బందీ లేదని చెప్పాను. "అయితే ఫ్యాను కాదు లెండి" అన్నాడు. ఆగి ఉన్నప్పుడు రేడియేటర్‌కు గాలి అందించేది ఫ్యాను ఒక్కటే. అది చెడితే ట్రాఫిక్‌లో వేడిని చూపే ముల్లు లేచి, పరుగు అందుకోగానే దిగుతుంది. బరువు మోస్తూ ఎత్తు ఎక్కేటప్పుడు లేచిందంటే నీటి నడకలోనే ఏదో అడ్డం ఉండాలి. ఒక్క ప్రశ్నతో సగం జబ్బులను పక్కన పెట్టేశాడు.

ఆ ఘాట్ లంబసింగిది. డిసెంబరులో పిల్లలతో వెళ్లాం. నర్సీపట్నం దాటాక తెల్లవారుజామున చలి కొరికేస్తుంటే, కారు కొన్న ఇన్నేళ్లలో దాదాపు మొదటిసారి హీటర్ తిప్పాను. చల్లటి గాలి వచ్చింది. కాసేపటికి ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలైంది. ఇంజిన్ వేడెక్కితే హీటర్ పూర్తిగా తెరవమని పాత డ్రైవర్లు చెబుతారు. డాష్‌బోర్డు కింద ఉండే హీటర్ కోర్ నిజానికి ఓ చిన్న రేడియేటరే. ఇంజిన్‌లో కాగిన నీరు దాని సన్నటి గొట్టాల్లోంచి పోతూ, తన వేడిని కారు లోపలి గాలికి ఇస్తుంది. నేను తెరిచే ఉంచాను. ఇంజిన్ ఉడికిపోతోంది, మా మొహాల మీద మాత్రం చన్నీళ్లలాంటి గాలి. అవి రెండు వేరువేరు లోపాలనుకున్నాను. రెండూ ఒకే రోగానికి లక్షణాలు కావచ్చని, ఇరవై ఏళ్లు రోగులను చూసిన నాకు ఆ క్షణంలో తట్టలేదు.

పక్కకు తీసి ఆపాను. సాయానికి ఆగిన ఓ కుర్రాడు గుడ్డముక్క పట్టుకుని నేరుగా రేడియేటర్ మూత మీద చెయ్యి వేశాడు. పరుగున వెళ్లి మణికట్టు పట్టుకుని లాగాను. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి నీరు ఒత్తిడిలో ఉంటుంది, నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత కాస్త వదులైతే చాలు, ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి మీదికి చిమ్ముతుంది. అలా కాలిన ట్రాలీ ఆటో డ్రైవర్ ఒకతన్ని మా ఆసుపత్రికి తెచ్చారు. ముఖం, మెడ, కుడి ముంజేయి కాలాయి. దారిలో ఎవరో టూత్‌పేస్టు పూశారు, ఇంకెవరో పసుపు చల్లారు. కాలిన చర్మం మీంచి ఆ పూతను కడిగి తీస్తుంటే అతను పెట్టిన కేకలు, కాలినప్పటికంటే ఎక్కువగా ఉండి ఉంటాయి. వెంటనే 20 నిమిషాలు కొళాయి నీటి ధార కింద పెట్టి ఉంటే ఆ గాయం అంత లోతుకు దిగేది కాదు. రెప్పలు అసంకల్పితంగా మూసుకోవడం వల్ల చూపు దక్కింది. అందుకే ఘాట్ రోడ్డు మీద ముప్పావుగంట ఊరికే కూర్చున్నాం. పిల్లలు విసుక్కున్నారు. ఇంజిన్ చేత్తో తాకగలిగేంత చల్లబడ్డాకే మూత తీశాను.

ఆటోనగర్‌లో మేస్త్రి ముందు నీటి మట్టం చూశాడు. ఆయిల్ కొలకర్ర తీసి, ఆయిల్ పాలకాఫీలా మారిందేమో చూశాడు. మారితే హెడ్ గ్యాస్కెట్ పోయి, ఆయిల్లో నీరు కలుస్తోందని అర్థమట. అది లేదు. హీటర్ కవాటం తెరుచుకుంటోందో లేదో చూసుకున్నాడు. తర్వాత ఇంజిన్ కాగనిచ్చి, హీటర్‌కు పోయే రెండు రబ్బరు పైపులనూ చెరో చేత్తో పట్టుకున్నాడు. "మీరూ పట్టుకోండి డాక్టరు గారూ." లోపలికి పోయేది కాలుతోంది, బయటికి వచ్చేది చల్లగా ఉంది. కోర్ మూసుకుపోయింది. రెండూ వేడిగా ఉంటే నీరు తిరుగుతున్నట్టే, లోపం గాలి దారిలో వెతకాలి. ఆ తర్వాత ఇంజిన్ ఆపి, ఫ్యాను తనంతట తాను తిరగకుండా వైరు ఊడదీసి, రేడియేటర్‌ను అరచేత్తో తడిమాడు. పైన వేడి, కింద ఓ మూల చల్లగా. అక్కడా గార పట్టింది.

ఆ రెండు పైపులు పట్టుకుని నిలబడినప్పుడు మంగళగిరి నేత కార్మికుడొకాయన పాదాలు గుర్తొచ్చాయి. వంద అడుగులు వేస్తే పిక్క పట్టేసేది, నిలబడితే పోయేది. నరాల నొప్పి అని రెండేళ్లు సూదులు వేయించుకున్నాడు. రెండు పాదాలనూ ఒకేసారి తాకితే ఒకటి వెచ్చగా, ఒకటి చల్లగా. చల్లటి పాదానికి చీలమండ వెనక నాడి అందలేదు. బీడీలు ఆ రక్తనాళాన్ని మూసేశాయి. ఆయన కాళ్లను ఆ రెండేళ్లలో ఎవరూ ముట్టుకుని చూడలేదు.

అయితే మేస్త్రి 'ఎప్పుడు' అన్న మాట నన్ను ఇంకా వెనక్కి, పల్నాడులో కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులకు తీసుకెళ్లింది. మే నెల. మిర్చి కల్లంలో మూటలెత్తే మనిషిని సాయంత్రం తీసుకొచ్చారు. జ్వరం 41 డిగ్రీలు, పలవరింత. మలేరియా పరీక్షకు రక్తం తీయించాను, పారాసిటమాల్ సూది చేయించాను. వేడి దిగలేదు. జ్వరంలో మెదడే శరీరపు థర్మోస్టాట్‌ను పైకి జరుపుతుంది, మందు దాన్ని కిందికి తెస్తుంది. వడదెబ్బలో థర్మోస్టాట్ ఉన్నచోటే ఉంటుంది, వేడి బయటికి పోయే దారి చాలదు. అక్కడ పారాసిటమాల్‌కు చేసేదేమీ లేదు. అరగంట గడిచాక పెద్ద నర్సమ్మ నా వైపు చూసి, ఏమీ అనకుండా దుప్పటి తడిపి అతని మీద కప్పి, రెండు ఫ్యాన్లు దగ్గరికి జరిపించింది. అప్పుడడిగాను అతని భార్యను, ఎప్పుడు మొదలైందమ్మా అని. "మద్దేనం దాకా బానే ఉండాడయ్యా. ఎండలో మూట ఎత్తతా ఎత్తతా మాట తడబడింది" అంది. వచ్చిన వెంటనే అడిగి ఉంటే ఆ అరగంట మిగిలేది. మనిషి బతికాడు. నడకలో తూలు మాత్రం మిగిలిపోయింది, చిన్నమెదడు ఆ వేడికి తట్టుకోలేదు. మళ్లీ మూటలెత్తలేదు. ఆ తూలులో నా అరగంట వాటా ఎంతో తేల్చుకోలేను, మరిచిపోనూలేను.

కోర్ ఎందుకు మూసుకుపోయిందంటే, మేస్త్రి సిగ్గుపడుతూ చెప్పాడు: "బోరు నీళ్లే పోస్తూ వచ్చామండీ." కూలెంట్ లేని ఉప్పునీరు లోహాన్ని తినేస్తుంది, తుప్పూ సున్నపు గారా కలిసి అన్నిటికంటే సన్నటి దారిలో చేరతాయి. మా కోస్తాలో హీటర్ తెరిచేవాడు ఉండడు, కవాటం ఏళ్లకేళ్లు మూసే ఉంటుంది, నిలిచిన నీటిలో బురద పేరుకుంటుంది. పైపులు ఊడదీసి, నీటిని బయటికి వచ్చే వైపు నుంచి లోపలికి పోయే వైపుకు వెనక్కి పంపాడు. ఒత్తిడి ఎక్కువ పెట్టలేదు. పాత కోర్‌లో ఆ గారే చిల్లులను మూసి ఉంచుతుందట, తొందరపడితే కారడం మొదలై కాళ్ల కింద తివాచీ తడుస్తుంది. మొదట ఇటుకరంగు బురద, చాలాసేపటికి తేట నీరు. రేడియేటర్‌ను విప్పి శుభ్రానికి పంపాడు. మర్నాడు కూలెంట్, శుద్ధి చేసిన నీరు సగం సగం కలిపి నింపాడు.

మిగిలిన ఆకుపచ్చ కూలెంట్‌ను పనికుర్రాడు ఖాళీ కూల్‌డ్రింక్ సీసాలో పోసి, ఇంట్లో ఉంచుకోమని నాకివ్వబోయాడు. వద్దన్నాను. దానిలోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది. పీజీ చదివే రోజుల్లో ఓ లారీ క్లీనరు రాత్రి చీకట్లో అలాంటి సీసానే ఎత్తి తాగాడు. తాగిన మత్తులా తూలుతుంటే సారా అనుకుని పడుకోబెట్టారు. మా దగ్గరికి వచ్చేసరికి ఎగశ్వాస. నోట్లో సారా వాసన లేదు. మైక్రోస్కోపు కింద మూత్రంలో ఆక్సలేట్ స్ఫటికాలు మెరిశాయి. కాలేయం ఆ తీపిని ఆమ్లంగా మార్చేసింది, స్ఫటికాలు మూత్రపిండాలను మూసేశాయి. విరుగుడు పనిచేసే సమయం దాటిపోయింది. డయాలసిస్ చేసినా మూడో రోజు పోయాడు. పంతొమ్మిదేళ్లు.

ఇదంతా చెబుతుంటే మేస్త్రి చేతిలో పానా పక్కన పెట్టి విన్నాడు. కుర్రాడు సీసాను తిరిగి కూలెంట్ డబ్బాలోకి వంచాడు. ఖాళీ సీసాను చెత్తలో వేయబోతే మేస్త్రి ఆపాడు. స్క్రూడ్రైవరుతో అడుగున రెండు పోట్లు పొడిచి, అప్పుడు పారేశాడు.