పట్టిక 8కు కాదు, 8కి

అద్దంకిలో డీటీపీ పని చేస్తాను. పెళ్లి పత్రికలు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు ఎక్కువ. పుస్తకం రావడం అరుదు. 2022 ఎండాకాలంలో పత్తి, మిరప సాగు మీద ఒకటి వచ్చింది. ఎడమ పేజీ తెలుగు, కుడి పేజీ ఇంగ్లిషు. ఎరువుల మోతాదులు, మందుల లెక్కలు, అన్నీ పట్టికలే. ఎక్కడ చూసినా ‘పట్టిక 6ను చూడండి’, ‘పట్టిక 9కి ముందు’. నంబర్లు చేత్తో కొట్టకుండా క్రాస్ రిఫరెన్సులుగా పెట్టాను. మధ్యలో పట్టిక చేరినా నంబర్లు వాటంతటవే జరుగుతాయి.

పేజీలు కట్టేశాక కొత్త అధ్యాయం వచ్చింది. 2021 చివర్లో నల్ల తామర పురుగు మిరప చేలను ఏం చేసిందో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. పూతలో చేరి రసం పీల్చి పూతంతా రాల్చేసింది. తోటలు పీకేసినవాళ్లున్నారు. దాని ఊసు లేని మిరప పుస్తకం ఎవరు కొంటారు? నీలి రంగు జిగురు అట్టల సంగతి, మందుల సంగతి ఒక పట్టికతో సహా రాసి పంపారు రచయిత.

ఒక్క పట్టిక చేరింది. ‘7కు’ కాస్తా ‘8కు’ అయింది. నంబరు మారింది, విభక్తి మారలేదు. ప్రూఫులు చూసే మాస్టారు, మా ఊరి పండరంగని శాసనం గురించి అడిగితే గంటసేపు వదలని మనిషి, పెన్ను కింద పెట్టేశారు.

“ఎనిమిదికు అని మీ ఇంట్లో అంటారా అమ్మాయ్?”

“మా ఇంట్లో ఏడుకీ కి అనే అంటాం మాస్టారూ.”

“నోటికి చెల్లుతుంది. అచ్చుకు చెల్లదు.”

అన్నీ తప్పయితే సులువే. కానీ 6ను జరిగి 7ను అయితే సరిగ్గానే ఉంటుంది. 8కి జరిగి 9కి అయినా అంతే. 7 దగ్గర, 10 దగ్గర, 17 దగ్గర చెడుతుంది. కళ్లు జారిపోయేది అక్కడే. ఆ పైన పత్తిని ముందుకు, మిరపను వెనక్కు మార్చమన్నారు. నంబర్లన్నీ చెల్లాచెదురయ్యాయి. ఏప్రిల్‌లో కరెంటు కోతలు సరేసరి. యూపీఎస్ కీచుమంటుంటే సేవ్ చేసి చీకట్లో కూర్చునేదాన్ని.

ఇంగ్లిషు వైపు తంటా వేరు. పుస్తకం వాళ్లిచ్చిన నమూనాలో ‘టేబుల్’ ముందు ‘ద’ కూడా తనంతట తనే పడేది. రచయిత ముందే ఒక ‘ద’ రాసి ఉంటే రెండు పడేవి. నమూనాలోంచి దాన్ని తీసేశాక ఆ గొడవ తీరింది. తెలుగు తోకను అలా తీసెయ్యలేం.

హంగేరియన్ వాళ్లకూ ఇదే గోలట. వాళ్ల ఆర్టికల్ హల్లు ముందు ‘ఆ’, అచ్చు ముందు ‘ఆజ్’. అంకెను పైకి చదివితే ఏ ధ్వనితో మొదలవుతుందో దాన్ని బట్టి మారుతుంది. పుస్తకాలు కూర్చే లేటెక్ సాఫ్ట్‌వేర్‌లో వాళ్లు నంబరును చూసి సరైన ఆర్టికల్ వేసే ఆదేశమే రాసుకున్నారు. మనకది ఎవరు రాసిపెడతారు!

“నంబరు ముందు పెడదాం సార్. 8వ పట్టికకు, 7వ పట్టికకు. ఏ నంబరు వచ్చినా కు మారదు,” అన్నాను రచయితతో.

“వద్దమ్మా, ఎదుటి పేజీలో టేబుల్ 8 అని ఉంటుంది. రెండూ ఒకేలా కనపడాలి.”

ఇక అంకెలన్నీ పైకి చదువుకుంటూ కూర్చున్నాను. చివర 0, 1, 8, 9 ఉంటే కి, ని. పది, ఇరవై, ఒకటి, ఎనిమిది, తొమ్మిది, అన్నీ ఇకారంతోనో ఐకారంతోనో ముగుస్తాయి. 2 నుంచి 7 దాకా కు, ను. 11 ఒక్కటే ఎదురు తిరిగింది, పదకొండు కదా. వందకూ కు వస్తుంది కానీ మా పుస్తకం అంత దూరం పోలేదు. ‘7, 8లకు’ అని జంటగా వచ్చినచోట ఏ బాధా లేదు. ఈ లెక్కన వెతికి మార్చే సూత్రం రాసుకున్నాను. నంబర్లు కదిలిన ప్రతిసారీ దాన్ని మళ్లీ నడపాలి, మాస్టారు మళ్లీ చదవాలి.

ప్రెస్సుకు పంపే ముందురోజు ఫోను. తామర పురుగు ఫొటో ఒకటి మంచిది దొరికిందట.

“పెడతాను సార్. దానికి నంబరు మాత్రం వెయ్యను,” అన్నాను. ఒప్పుకున్నారు.