ముక్కు దించిన గ్లైడరు

పిల్లలూ, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఎప్పుడైనా తలెత్తి గద్దను చూశారా? మా బాన్సువాడ చుట్టూ నిజాంసాగరు కాలువ కింద వరిపొలాలున్నాయి. కోతలైపోయి నేల ఎండిన రోజుల్లో వాటిపైన గద్దలు గుండ్రంగా తిరుగుతుంటాయి. రెక్క ఆడించవు. అయినా కిందికి దిగవు సరికదా, పైపైకి పోతుంటాయి. ఎండకు కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. గద్ద ఆ గాలి నెక్కి కూచుంటుంది, అంతే. ఇంజను లేని విమానం గ్లైడరు కూడా ఇలాగే తేలుతుంది.

ఆ గ్లైడరులో నాకు జరిగిన సంగతి ఒకటుంది. ఇన్నేళ్ళు బడిలో పాఠాలు చెప్పాను గాని, ఇది మాత్రం ఏ తరగతిలోనూ చెప్పలేదు. ఎందుకంటే అందులో తప్పు నాది.

మా ఊరినుంచి మెదకు, నర్సాపూరు మీదుగా హైదరాబాదు పోయే దారిలో దుండిగల్ వస్తుంది. అక్కడ వైమానిక దళ అకాడమీ ఉంది. 2023 డిసెంబరు 4వ తేదీ పొద్దున అక్కడినుంచి లేచిన శిక్షణ విమానం ఒకటి తూప్రాన్ దగ్గర కూలిపోయింది. నేర్పేవారూ, నేర్చుకొనేవారూ ఇద్దరూ పోయారు. ఆ సాయంత్రం మా మనవడు, “తాతయ్యా, పడిపోతుంటే గట్టిగా పైకి లాగితే సరిపోయేది గదా!” అన్నాడు. ఆ ప్రమాదానికి కారణం వెతకడం నిపుణుల పని. కాని వాడన్న “పైకి లాగితే” అనే మాట నన్ను గుచ్చుకొంది. వాడికంటె ఎంతో పెద్దవాణ్ణయి ఉండి నేనూ అలాగే అనుకొన్నాను. అనుకోవడమే కాదు, చేశాను కూడా.

1978లో నేను డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి. వైమానిక విభాగంలో ఉన్నాను. ఇప్పటి పిల్లలకు ఇంజనున్న చిన్న మైక్రోలైటు విమానాలు వచ్చాయి. అప్పట్లో మాది ‘రోహిణి’ గ్లైడరు. మన దేశంలోనే రూపొందించినది, 1961లో మొదటిసారి ఎగిరింది. కర్రతో కట్టి గుడ్డ తొడిగిన శరీరం, పక్కపక్కన రెండు సీట్లు, ఇద్దరి ముందూ చెరొక కర్ర. ఆ కర్ర వెనక్కు లాగితే ముక్కు లేస్తుంది, ముందుకు తోస్తే దిగుతుంది.

ఇంజను లేనిది పైకెలా లేస్తుందంటారా? పతంగి దారం పట్టుకొని పరుగెత్తితే అది లేవదూ? అలాగే. మైదానం అవతలి కొసన వించి ఉంటుంది. అంటే మోటారుతో తిరిగే పెద్ద డ్రమ్ము. అది ఉక్కుతాడును చుట్టుకొంటుంటే ఇవతల గ్లైడరు ముక్కెత్తి నిలువుగా లేస్తుంది. తాడుకూ గ్లైడరుకూ మధ్య కావాలనే ఒక బలహీనమైన ముక్క పెడతారు. లాగుడు మితిమీరితే రెక్కలు విరగకుండా ముందు అది తెగుతుంది.

ఆ రోజు అదే తెగింది. మేము ఇన్నూరు అడుగుల ఎత్తు చేరామో లేదో ‘టప్’మన్నది. అప్పటిదాకా చెవుల్లో హోరుమన్న గాలి ఒక్కసారిగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దం నాకిప్పటికీ జ్ఞాపకమే. నా కుడిపక్కన ఉన్న శిక్షకుడు వెంటనే కర్రను ముందుకు తోశారు. ఆకాశం పోయి ఎదురుగా నేల వచ్చింది. ముందే ఆయన, “చెప్పేవరకు కర్ర ముట్టుకోవద్దు” అని చెప్పి ఉన్నారు. నేను రెండు చేతులా కర్ర పట్టుకొని వెనక్కు లాగాను.

గ్లైడరు జ్వరం వచ్చినట్టు వణికింది. ఆయన ఎడమచేత్తో నా మణికట్టు మీద ఒక్కటి వేసి, కర్రను మళ్ళీ ముందుకు నెట్టారు. గాలి హోరు తిరిగి వచ్చింది. తాడు తగిలించే కొక్కెం విడిచి, ఎదుట మిగిలిన మైదానంలోనే తిన్నగా దించారు. ఎగిరెగిరిపడుతూ పోయి కంచెకు కాస్త ఇవతల గడ్డిలో ఆగాము.

దిగాక ఆయన కోప్పడలేదు. అదే నాకు మరీ కష్టమనిపించింది.

“ఎందుకు లాగావయ్యా?”

“పడిపోతామని, సార్.”

“ఇంకా లాగి ఉంటే పడేవాళ్ళం.”

రెక్కకు బలం దాన్ని వేగంగా దాటిపోయే గాలివల్ల వస్తుంది. ముక్కు మరీ ఎత్తితే గాలి రెక్క పైభాగాన్ని అంటిపెట్టుకొని పారదు. సుడులు తిరిగి విడిపోతుంది. ఇక అది రెక్క కాదు, వట్టి బల్లచెక్క. దీన్ని ‘స్టాల్’ అంటారు. ముక్కు దించితే, తొక్కడం మానిన సైకిలు దిగుడులో వేగం అందుకొన్నట్టు, గ్లైడరు వేగం అందుకొంటుంది. జర్మనీలో ఆటో లిలియెంతాల్ రెండువేల సార్లకు పైగా గ్లైడర్లలో ఎగిరినవాడు. 1896 ఆగస్టు 9న ఆయన గ్లైడరు ఇలాగే స్టాలై సుమారు 50 అడుగుల ఎత్తునుంచి పడింది. మర్నాడు ఆయన మరణించాడు.

ఈ విద్య పెద్ద విమానాలకూ పనికివచ్చింది. 1983 జులై 23న కెనడాలో ఒక బోయింగ్ 767 విమానానికి ఆకాశంలో ఉండగానే ఇంధనం అయిపోయింది. కిలోగ్రాములని లెక్క కట్టి పౌన్లు నింపారు! (లెక్కల పరీక్షలో ప్రమాణాలు రాయనివాళ్ళు ఈ మాట రెండుసార్లు చదవండి.) అదృష్టవశాత్తు కెప్టెనుకు గ్లైడరు నడపడం వచ్చు. రెండు ఇంజన్లూ ఆగిన విమానాన్ని తేల్చుకొంటూ వచ్చి, గిమ్లీ అనే చోట పాత రన్‌వే మీద దించాడు. లోపల ఉన్న 69 మందీ బతికారు.

నా మణికట్టు రెండు రోజులు వాచింది. మా నాయన అడిగితే మెట్లమీద పడ్డానని చెప్పాను. మరుసటి వారం శిక్షకుడు నన్నే మళ్ళీ ఎక్కించుకొన్నారు. ఈసారి ఇంకా ఎత్తుకు పోయాక, “కర్ర నీదే” అని, తాడు తానే విడిచేశారు. నా చెయ్యి ముందుకే పోయింది. కళ్ళు మాత్రం మూసుకొన్నాను.

ఇదంతా చెప్పాక మా మనవడు నోటుపుస్తకంలో కాగితం చింపి విమానం చేశాడు. రెక్కల వెనక అంచులు పైకి మడిచి విసిరితే అది ముక్కెత్తి లేచి, ఒక్క క్షణం ఆగి, దబ్బున పడింది. మీరూ చేసి చూడండి, కాని ఎవరి ముఖంమీదికీ విసరకండి. ఆ తరవాత ముక్కుకు జెమ్ క్లిప్పు తగిలించమన్నాను. వాడు నమ్మలేదు. “బరువు పెడితే ఇంకా తొందరగా పడుతుంది, తాతయ్యా!” అంటూనే తగిలించి విసిరాడు. అది వసారా దాటి, ముంగిలి దాటి, తులసికోట అవతల దిగింది.